ముందు తూటాని కొలవండి, రైఫిల్ తర్వాత విప్పొచ్చు

ప్రశ్న: నా దగ్గర మా తాతగారి వించెస్టర్ 1873 రైఫిల్ ఉంది. .44-40 క్యాలిబర్, 24 అంగుళాల బ్యారెల్. తూటాలు నేనే నింపుకుంటాను: 200 గ్రెయిన్ల (సుమారు 13 గ్రాముల) సీసపు గుండు, పొగరాని మందు. ఇంట్లో డమ్మీ తూటాలతో లీవర్ ఆడిస్తే చక్కగా పనిచేస్తుంది. రేంజ్‌లో మాత్రం నాలుగైదు సార్లు కాల్చాక లీవర్ చివరిదాకా వెళ్లకుండా గట్టిగా ఆగిపోతోంది, తూటాని ఎత్తే క్యారియర్ పైకి రావడం లేదు. అప్పుడప్పుడు తూటా పైకి వచ్చినా ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) మూతి దగ్గర పట్టేస్తోంది. బ్యారెల్ కింది మ్యాగజీన్ గొట్టంలో చివరి రెండు తూటాలు ఒక్కోసారి అసలు రావు. క్యారియర్ ముందంచుని కాస్త ఆకురాయితో రాస్తే సరిపోతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. రాయమంటారా? మిత్రుడి పాత మార్లిన్ 1894 కూడా ఇలాగే ఇరుక్కుంటోంది, దానికీ ఇదే చికిత్సా?

జవాబు: ఆకురాయి పక్కన పెట్టేయండి. మీరు రాసిన మూడు లక్షణాలూ ఒకే రోగానివి కావు. మూడింటికీ మూడు కారణాలు ఉండొచ్చు. వాటిలో మొదటిదీ ముఖ్యమైనదీ రైఫిల్‌లో కాక తూటాలోనే ఉన్నట్టు కనిపిస్తోంది. ఇంట్లో బాగా పనిచేసి, కాల్చడం మొదలయ్యాక నాలుగైదు తూటాలకి మొండికేస్తోంది అన్నారు కదా, ఆ ఒక్క మాటే సగం దారి చూపిస్తోంది.

1873 మోడల్ పనితీరులో ఒక విశేషం ఉంది. తర్వాత వచ్చిన చాలా లీవర్ రైఫిళ్లలో మ్యాగజీన్ నుంచి ఒక్క తూటానే వదిలి, వెనకదాన్ని ఆపి ఉంచే చిన్న అడ్డుముక్క ఒకటి ఉంటుంది. 1873లో అది లేదు. మ్యాగజీన్ స్ప్రింగ్ తోసిన తూటా ఇత్తడి క్యారియర్ దిమ్మెలోకి వచ్చి కూర్చుంటుంది. దాని గుండు ముక్కు క్యారియర్ ముందు అంచు దగ్గర సరిగ్గా ముగియాలి. అక్కడే తర్వాతి తూటా మడమ (వెనక కొస) ఆగుతుంది. అంటే రెండో తూటాని ఆపేది మొదటి తూటా పొడవే. తూటా కూడా ఈ యంత్రంలో ఒక భాగమే అనుకోండి. పొడవు తేడా వస్తే రైఫిల్ ఎంత కొత్తదైనా ఇరుక్కుంటుంది.

.44-40 తూటా మొత్తం పొడవుకి గరిష్ఠ పరిమితి 1.592 అంగుళాలు, అంటే 40.4 మిల్లీమీటర్లు. దీనికన్నా పొడుగైతే గుండు ముక్కు క్యారియర్ దాటి మ్యాగజీన్ గొట్టంలోకి చొచ్చుకుని ఉంటుంది, ఇక క్యారియర్ పైకి లేవదు. పొట్టిదైతే ముందు ఖాళీ మిగిలి, తర్వాతి తూటా అంచు ఆ ఖాళీలోకి దూరుతుంది. క్యారియర్ లేవబోయేసరికి ఆ అంచు క్యారియర్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య నలిగి, అంతా బిగుసుకుపోతుంది. క్యారియర్ ముందంచుకి ఉండే చిన్న ఏటవాలు కోత ఆ అంచుని కొంతమేర వెనక్కి నెడుతుంది కాబట్టి కాస్త పొట్టితనాన్ని రైఫిల్ ఓర్చుకుంటుంది. మడమ చుట్టూ ఉండే ఆ అంచు (రిమ్) మందమే 1.65 మిల్లీమీటర్లు, కాబట్టి ఆ ఓర్పుకి హద్దు ఉంది. మీకు చెప్పినవాళ్ల మనసులో ఉన్నది ఈ కోతని ఇంకా పెంచడమే. నూరేళ్ల నాటి అసలు భాగాన్ని, తప్పుగా నింపిన తూటాకి అనుగుణంగా కోసేయడం అన్నమాట. పోయిన ఇత్తడి తిరిగి రాదు.

పొడుగా, పొట్టా అని తేల్చుకోవడానికి ఇంట్లోనే తేలికైన పరీక్ష ఉంది. ప్రైమర్ (మడమలో ఉండి మందుని అంటించే చిన్న టోపీ), మందు రెండూ లేని డమ్మీలు వాడండి. వాటి కేసుకి (ఇత్తడి గొట్టానికి) అడ్డంగా ఒక రంధ్రం చేసి పెట్టుకుంటే అసలు తూటాలతో కలిసిపోవు. ముందు ఒక్క డమ్మీనే మ్యాగజీన్‌లో పెట్టి లీవర్ ఆడించండి. ఒక్కదానికే ఆగిందంటే తూటా పొడుగు, లేదా క్యారియరే పట్టేస్తోంది. ఒకటి సాఫీగా వెళ్లి, రెండు మూడు పెడితే ఆగిందంటే తూటా పొట్టి. పాత 1873ల మీద పని మొదలుపెట్టేటప్పుడు ఇంతకన్నా తక్కువ శ్రమతో ఎక్కువ సంగతి చెప్పే పరీక్ష మరొకటి లేదు.

మీ డమ్మీలు ఇంట్లో ఇరుక్కోవడం లేదు. అంటే మీరు నింపిన పొడవు సరైనదే. మరి రేంజ్‌లో ఏమవుతోంది? కాల్చిన ప్రతిసారీ రైఫిల్ వెనక్కి తన్నుతుంది. మ్యాగజీన్‌లో వరసగా ఉన్న తూటాలు ఒకదాని ముక్కు మీద ఒకటి గుద్దుకుంటాయి, పైగా స్ప్రింగ్ ఒత్తిడి ఉండనే ఉంది. గుండు కేసులో గట్టిగా పట్టి లేకపోతే దెబ్బ దెబ్బకీ కొంచెం కొంచెం లోపలికి దిగిపోతుంది. నాలుగైదు దెబ్బలయ్యేసరికి 40 మిల్లీమీటర్లు ఉండాల్సిన తూటా 39కి దిగుతుంది. అప్పుడు లీవర్ ఆగుతుంది.

1873లో ఈ తూటా వచ్చినప్పుడు ఈ బాధ లేదు. అప్పట్లో కేసులో 40 గ్రెయిన్ల నల్లమందు అంచుదాకా కూరి ఉండేది, గుండు ఆ మందు మీదే కూర్చునేది, లోపలికి దిగడానికి చోటే లేదు. అందుకే పాతకాలపు గుండు అచ్చుల్లో కొన్నింటికి క్రింప్ (గుండు కదలకుండా కేసు మూతిని లోపలికి నొక్కడం) కోసం గాడి కూడా పెట్టలేదు. పొగరాని మందు కేసులో కొద్దిగానే ఉంటుంది, గుండు కింద అంతా ఖాళీ. దాన్ని నిలబెట్టేది కేసు మెడ పట్టు, క్రింపు మాత్రమే.

నిర్ధారణ చేసుకోవాలంటే వెర్నియర్ కాలిపర్‌తో ఆరేడు తూటాల పొడవు కొలిచి, ఒక్కోదాని కేసు మీద మార్కర్‌తో రాసి మ్యాగజీన్ నింపండి. నాలుగు కాల్చాక ఆపేయండి. మిగిలినవాటిని రేంజ్‌లోనే, బ్యారెల్ మూతి లక్ష్యం దిబ్బ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి, లీవర్‌తో ఒక్కొక్కటిగా బయటికి తీసి మళ్లీ కొలవండి. ఈ పని ఇంట్లో వద్దు. లీవర్ మూసిన ప్రతిసారీ నిజమైన తూటా ఛాంబర్‌లోకి వెళ్తుంది, సుత్తి ఎక్కి ఉంటుంది, ఫైరింగ్ పిన్ మురికికి ముందుకి పట్టేసి ఉంటే మూసేటప్పుడే పేలే ప్రమాదం ఉంది. రెండో కొలతలో పొడవు తగ్గిన తూటాలు దొరికితే దోషి దొరికినట్టే.

చికిత్స ఇది. ముందు కేసులన్నీ ఒకే పొడవుకి కోయండి, గరిష్ఠం 1.305 అంగుళాలు, 33.1 మిల్లీమీటర్లు. పొడవులు వేరువేరుగా ఉంటే ఒకదానికి క్రింపు గట్టిగా, ఇంకోదానికి పైపైన పడుతుంది. తర్వాత మెడని వెడల్పు చేసే డై లోపలి ఎక్స్‌పాండర్ కొలత చూడండి. మీ గుండు 0.427 అంగుళాలైతే ఎక్స్‌పాండర్ 0.425 దరిదాపుల్లో ఉండాలి. గుండుకి సమానంగా ఉంటే మెడలో బిగువే ఉండదు, అలాంటప్పుడు క్రింపు ఒక్కటీ ఆపలేదు. గుండుకి క్రింప్ గాడి ఉండాలి, ఆ గాడి దగ్గర క్రింపు చేసినప్పుడు మొత్తం పొడవు 40.4కి మించకుండా, దానికి దగ్గరగా రావాలి. అలా రాకపోతే ఆ గుండు ఈ రైఫిల్‌కి తగదు, వేరేది ఎంచుకోండి.

గుండుని దించడం, క్రింపు చేయడం ఒకే దెబ్బలో కానివ్వకండి. .44-40 కేసు మెడ చాలా పల్చన. గుండు ఇంకా దిగుతుండగానే క్రింపు పడితే మెడ నలిగి, క్రింపు కిందే సన్నని ఉబ్బు లేస్తుంది. వేలితో తడిమితే తెలియకపోవచ్చు, ఛాంబర్‌కి మాత్రం తెలుస్తుంది. అన్ని గుండ్లూ దించేశాక, డై మళ్లీ సర్ది, క్రింపు విడిగా చేయండి. పని పూర్తయ్యాక ఒక తూటా ముక్కుని బల్ల మీద ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కండి. పొడవు కదిలిందంటే ఆ దఫా తూటాలు మ్యాగజీన్‌కి పనికిరావు.

గుండు ముక్కు చదునుగా ఉన్నదే వాడండి. గొట్టం మ్యాగజీన్‌లో ప్రతి గుండు ముక్కూ ముందున్న తూటా ప్రైమర్ మీద ఆని ఉంటుంది. మొనదేలిన గుండు ఆ ప్రైమర్‌ని పేల్చగలదు. ఇంకోమాట: తూటాని ఏటవాలుగా ఛాంబర్‌లోకి ఎక్కించే రైఫిళ్లలో ముక్కు ఆకారం ఫీడింగ్‌ని బాగా ప్రభావితం చేస్తుంది. 1873లో క్యారియర్ తూటాని నిట్టనిలువుగా పైకెత్తి ఛాంబర్‌కి ఎదురుగా నిలబెడుతుంది, వెనకనున్న బోల్ట్ అనే కడ్డీ దాన్ని తిన్నగా లోపలికి తోస్తుంది. కాబట్టి ముక్కు వంపు గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు.

ఇక రెండో బాధ, ఛాంబర్ మూతి దగ్గర పట్టేయడం. మార్కర్‌తో ఒక డమ్మీని ముక్కు నుంచి మడమ దాకా నల్లగా పూసి, మ్యాగజీన్ నుంచి మామూలుగా ఎక్కించి, బయటికి తీసి దీపం కింద తిప్పి చూడండి. సిరా ఎక్కడ చెరిగిందో అక్కడే పట్టేస్తోంది. మెడ చుట్టూ పూర్తి వలయంలా చెరిగితే గుండు లావుగా ఉంది, లేదా క్రింపు కింద ఉబ్బు ఉంది. నింపిన తూటా మెడ దగ్గర వ్యాసం 0.443 అంగుళాలు, 11.25 మిల్లీమీటర్లు మించకూడదు. .44 మ్యాగ్నమ్ కోసం చేసిన 0.430 గుండ్లని .44-40 కేసుల్లో పెట్టేవాళ్లకి ఈ చిక్కు తరచూ వస్తుంది. పాత బ్యారెళ్లు కొన్ని నిజంగానే వెడల్పుగా ఉంటాయి కాబట్టి వాళ్లని పూర్తిగా తప్పుపట్టలేం. ముందు మెత్తని సీసపు ముద్దని బ్యారెల్‌లోంచి నెట్టి, దాని కొలత తీసుకుని, ఆ తర్వాతే గుండు ఎంచుకోవాలి.

సిరా గుండు కిందివైపు మాత్రమే, అదీ ముక్కు దగ్గరే గీసుకుపోతే సంగతి వేరు. క్యారియర్ పూర్తి ఎత్తుకి లేవడం లేదు. తూటా ముక్కు ఛాంబర్ కింది అంచుకి తగులుతోంది. దీనికి తేలికైన కారణం లీవర్‌ని పూర్తిగా ముందుకు తోయకపోవడం. క్యారియర్ పైకి లేచేది లీవర్ ప్రయాణం చివరి భాగంలోనే. నెమ్మదిగా, మర్యాదగా ఆడిస్తే పాత రైఫిల్‌కి మంచిదని కొందరు అనుకుంటారు, నిజానికి అలా ఆడిస్తేనే ఇరుక్కుంటుంది. 1873కి కాలిన కేసుని విసిరే ఎజెక్టర్ విడిగా లేదు. పైకి లేచే క్యారియరే కేసుని కిందినుంచి కొట్టి బయటికి పంపుతుంది. లీవర్‌ని చివరిదాకా, ఊపుగా తోస్తేనే ఆ దెబ్బ తగులుతుంది. కేసు సగంలో మిగిలిపోతే వెనక వచ్చే తూటాకి దారి ఉండదు.

లీవర్ సరిగా ఆడించినా ఎత్తు చాలకపోతే అప్పుడు లోపల చూడాలి. రైఫిల్ ఖాళీ అని కంటితో, వేలితో రెండు విధాలా నిర్ధారించుకోండి. పక్క ప్లేట్లు రెండింటినీ పట్టి ఉంచేది ఒకే అడ్డ స్క్రూ. స్క్రూ గాడికి అచ్చంగా సరిపోయే మొనతోనే తిప్పండి, ముందురోజు చొరబడే నూనె చుక్క వేసి ఉంచితే ఇంకా మంచిది. స్క్రూని పూర్తిగా తీయకుండా కొన్ని చుట్లు వదులు చేసి, దాని తల మీద ప్లాస్టిక్ పిడితో మెల్లగా తడితే అవతలి ప్లేటు తనంతట తానే బయటికి జరుగుతుంది. అతుకులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తారంటే అక్కడ పడే గీత ఆ రైఫిల్ ఉన్నంతకాలం ఉంటుంది.

లోపల అడుగున బల్లపరుపు స్ప్రింగులు రెండుంటాయి. ఒకటి లీవర్‌ని పట్టి ఉంచేది, రెండోది క్యారియర్‌ని ఎత్తే చేతిని పట్టి ఉంచేది. ఆ స్ప్రింగుల స్క్రూలు వదులయ్యాయేమో ముందు చూడండి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. రెండో స్ప్రింగ్ విరిగినా, నీరసించినా లేచిన క్యారియర్ పైన నిలవక, బోల్ట్ తూటాని తోసేలోపే కిందికి జారుతుంది. ఎత్తే చేతి కొస క్యారియర్ గాడిలో కూర్చునే చోట అరిగి గుండ్రమైతే ఎత్తు తగ్గుతుంది. అరిగిన కొసని వెల్డింగ్‌తో పోసి మళ్లీ తీర్చడం తుపాకీ మెకానిక్ పని, మీరు చేయొద్దు. ఇప్పుడు తయారవుతున్న నకలు రైఫిళ్ల విడిభాగాలు పాతవాటిలో నేరుగా కూర్చోవు. ఏది మార్చినా అసలు ముక్కని పొట్లం కట్టి రైఫిల్‌తోపాటే దాచండి, తర్వాత దాని విలువ అడిగేవాళ్లు దాన్నే అడుగుతారు.

క్యారియర్ ఆడే గూడులో గట్టిపడిన పాత గ్రీజు, మసి ఉంటే స్ప్రింగులన్నీ బాగున్నా క్యారియర్ బద్ధకంగా కదులుతుంది. గ్రీజుకి కిరోసిన్ చాలు. నల్లమందు మసి మాత్రం నూనెకి కరగదు, వేడినీళ్లకి కరుగుతుంది. కడిగాక ఆరబెట్టి పల్చగా నూనె రాయండి. ఇత్తడిని మెరిసేలా తోమకండి, ఆ పాత రంగు పోతే రైఫిల్ వెల పడిపోతుంది.

మూడోది, చివరి రెండు తూటాలు రాకపోవడం. గొట్టంలో తూటాలు తగ్గేకొద్దీ స్ప్రింగ్ సాగుతుంది, తోసే బలం తగ్గుతుంది. చివర్లోనే ఆగుతోందంటే స్ప్రింగ్ నీరసించింది, లేదా దారిలో సొట్ట ఉంది. డమ్మీలతో, మూతి పైకెత్తి ఒకసారి, కిందికి దించి ఒకసారి ఆడించి చూడండి. పైకెత్తినప్పుడు వచ్చి, దించినప్పుడు రాకపోతే మ్యాగజీనే కారణం. దీనికి భిన్నంగా, 15 తూటాలూ నింపినప్పుడే పట్టేస్తే స్ప్రింగ్ మరీ పొడుగైనా అయ్యుండొచ్చు, చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని కదలడానికి చోటు ఉండదు.

గొట్టం ముందు మూతని పట్టి ఉంచే స్క్రూ తీసేటప్పుడు మూత మీద గుడ్డ చుట్టి అరచేత్తో అదిమి పట్టండి, మొహం పక్కకి పెట్టండి. స్ప్రింగ్ మూతని విసిరి కొడుతుంది. స్ప్రింగ్ తీసేసి, తోసే ముక్క ఒక్కదాన్నే గొట్టంలో వదిలి అటూ ఇటూ వంచండి. తన బరువుతో తానే జారాలి. ఎక్కడైనా ఆగితే అక్కడ సొట్టో తుప్పో ఉంది. గొట్టాన్ని బ్యారెల్‌కి పట్టి ఉంచే రింగ్ దగ్గర నొక్కుకుపోయి ఉండటం మామూలు. గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్రని ఉక్కు కడ్డీని నెమ్మదిగా తోస్తే చిన్న సొట్టలు లేస్తాయి. లోపల నూనె పోయకండి, అది జారి ప్రైమర్లలోకి చేరుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. బయటికి తీసిన పాత స్ప్రింగ్ గొట్టం కన్నా పొడుగ్గా సాగి ఉండాలి. గొట్టంతో సమానంగా ఉంటే మార్చేయండి. తిరిగి బిగించేటప్పుడు గొట్టం ఫ్రేమ్‌లోకి మరీ వెనక్కి వెళ్లి క్యారియర్‌కి తగలకుండా చూసుకోండి. ఆ తప్పు జరిగితే మొదటి బాధే కొత్తగా మొదలవుతుంది.

ఈ పనిలో ఎక్కడైనా కాలిన కేసుల్లో ప్రైమర్ వెనక్కి పొడుచుకు వచ్చి కనిపించినా, మడమ దగ్గర కేసు ఉబ్బినా, బోల్ట్ వెనక మడత కీళ్లలో వదులు కనిపించినా కాల్చడం ఆపేయండి. 1873ని మూసి ఉంచేది ఆ మడత కీళ్లే. అవి నల్లమందు ఒత్తిడికి చేసినవి. ఒకప్పుడు వించెస్టర్ కంపెనీయే 1892 మోడల్ కోసం వేగం హెచ్చు .44-40 తూటాలు అమ్మి, వాటిని 1873లో వాడొద్దని హెచ్చరించింది. ఆ హెచ్చరిక మీకూ వర్తిస్తుంది. ట్రిగ్గర్ వెనకనున్న చిన్న సేఫ్టీ పిన్ లీవర్ పూర్తిగా మూసుకుంటేనే ట్రిగ్గర్‌ని వదులుతుంది. పట్టేస్తోందని దాన్ని తీసేసిన రైఫిళ్లు ఉన్నాయి. మీదాంట్లో ఉంటే ఉంచండి, లేకపోతే పెట్టించండి.

మీ మిత్రుడి మార్లిన్ 1894కి ఈ చికిత్స పనిచేయదు. దాని క్యారియర్ ఒక కొస మీద తిరిగి లేచే ఉక్కు ముక్క. లీవర్ పదునైన అంచు ఏళ్ల తరబడి రాసుకుని దాన్ని కోసేస్తుంది, దాంతో క్యారియర్ కదిలే వేళ తప్పి, మ్యాగజీన్ నుంచి రెండో తూటా క్యారియర్ కిందికి దూరుతుంది. అప్పుడు లీవర్ ముందుకీ రాదు, వెనక్కీ రాదు. బలవంతంగా లాగకుండా లీవర్ స్క్రూ తీసి, లీవర్, ఆ వెనకే బోల్ట్ బయటికి తీసి తూటాని విడిపించాలి. ఇరుక్కున్నది నిజమైన తూటా అయితే ఆ పని మెకానిక్‌కే వదిలేయమనండి. క్యారియర్ కింద వేలు పెట్టి చూస్తే గాడి తెలుస్తుంది. ఉంటే లీవర్ అంచుని నునుపు చేయించి, క్యారియర్‌ని మార్చడమో, గాడిని పోయించడమో చేయాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే కొత్త క్యారియర్‌లోనూ అదే గాడి పడుతుంది.